మ్యాప్‌లో చార్జింగ్ స్టేషన్ ఉంది, మన బండికి మాత్రం చార్జింగ్ ఎక్కదు. ఎందుకు?

(ఇది వీడియో ఎపిసోడ్‌కి రాతరూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడా కొంచెం సర్దాను.)

ఈరోజు ఎపిసోడ్ మా అన్నయ్య వల్ల పుట్టింది. అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. గుడివాడలో ఉంటాడు, కారు కిరాయికి తిప్పుతాడు. ఆర్నెల్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. బేరం బాగా కుదిరింది. డీజిల్ ఖర్చు లేదు, గుడివాడ నుంచి బెజవాడ హాస్పిటళ్లకి పేషెంట్లని తిప్పుకుంటే ఈఎంఐ పోను ఎంతో కొంత మిగులుతుందని లెక్కేసుకున్నాడు. అమ్మినాయన కూడా "ఇప్పుడు ఎక్కడ చూసినా చార్జింగ్ స్టేషన్లే కదండీ" అన్నాడంట. అది అబద్ధం కూడా కాదు. స్టేషన్లు ఉన్నాయి.

మొదటి ట్రిప్పు. సూర్యారావుపేటలో పేషెంట్‌ని దింపి, బెంజి సర్కిల్ వైపు వచ్చి ఒక స్టేషన్ దగ్గర ఆపాడు. గన్ తీశాడు. కారు మూత తెరిచాడు. గన్ ఒక షేపు, కారు సాకెట్ ఇంకో షేపు. పక్క గన్ చూశాడు, అదీ అంతే. ఇంకో స్టేషన్‌కి వెళ్లాడు, అక్కడా అంతే. మూడోదాని దగ్గర నుంచి నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఇంజనీర్‌వి కదా. దీనికేమన్నా కన్వర్టర్ దొరుకుద్దేంట్రా, ఆటోనగర్‌లో చూడనా?"

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని అండి. కానీ ఇంట్లో వాళ్ల లెక్కలో ఇంజనీర్ అంటే సీలింగ్ ఫ్యాన్ నుంచి రాకెట్ దాకా అన్నీ తెలిసి ఉండాలి. సరే, ఆటోనగర్‌లో దొరకని సామాను ఉండదని మనకి ఒక నమ్మకం. ఈ కన్వర్టర్ మాత్రం దొరకదు. ఎందుకు దొరకదో చెప్తాను. ఇది అర్థమైతే మీరు రేపు స్కూటర్ కొన్నా, కారు కొన్నా, అన్నయ్యలా మూడు స్టేషన్లు తిరగాల్సిన పని ఉండదు.

మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెడదాం. ఒకప్పుడు నోకియా సన్నపిన్ను, తర్వాత మైక్రో యూఎస్‌బీ, ఐఫోన్‌కి లైట్నింగ్, ఇప్పుడు టైప్-సి. యూరప్‌లో అయితే 2024 డిసెంబర్ 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లకి టైప్-సి ఉండి తీరాలని రూలే పెట్టారు. పిన్ను గొడవ తీరింది. కానీ మీ ఫ్రెండ్ 80 వాట్ల చార్జర్ తెచ్చి వేరే కంపెనీ ఫోన్‌కి పెట్టండి. 80 వాట్లు ఎక్కుతుందా? చాలాసార్లు ఎక్కదు, 10, 18 వాట్ల దగ్గర నత్తనడక నడుస్తుంది. పిన్ను ఒకటే అయినా ఆ ఫోనూ ఆ చార్జరూ మాట్లాడుకునే భాష వేరు. భాష కుదరకపోతే సేఫ్టీ కోసం రెండూ తక్కువ స్పీడ్‌కి దిగిపోతాయి.

ఈవీ ఫాస్ట్ చార్జింగ్‌లో కూడా పిన్ను వేరు, భాష వేరు. తేడా ఏంటంటే, ఇక్కడ భాష కుదరకపోతే స్లోగా ఎక్కడం ఉండదు. అసలు ఎక్కదు.

ఇప్పుడు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి, మిగతా ఎపిసోడ్ అంతా దీని మీదే నడుస్తుంది. గోడ నుంచి వచ్చేది ఏసీ కరెంట్. బ్యాటరీ తీసుకునేది డీసీ. మధ్యలో ఎవరో ఒకరు మార్చాలి. ఆ మార్చే పెట్టె ఎక్కడుంది అన్నదే అసలు ప్రశ్న.

స్లో చార్జింగ్, అంటే ఏసీ చార్జింగ్‌లో, కారైతే ఆ పెట్టె కారులోనే ఉంటుంది. దాన్ని ఆన్‌బోర్డ్ చార్జర్ అంటారు. గోడకి బిగించిన బాక్స్‌ని మనం చార్జర్ అంటాం గానీ, నిజానికి అది తెలివైన స్విచ్ మాత్రమే. అందుకే షాపింగ్ మాల్‌లో 22 కిలోవాట్ల ఏసీ పాయింట్ దొరికిందని సంబరపడొద్దు. మీ కారు ఆన్‌బోర్డ్ చార్జర్ 3.3 కిలోవాట్లదైతే ఎక్కేది 3.3 మాత్రమే. 7.2ది అయితే 7.2. పైప్ ఎంత పెద్దదైనా మన బిందె మూతి ఎంతుందో అంతే కదా పట్టేది.

ఫాస్ట్ చార్జింగ్, అంటే డీసీలో, ఆ మార్చే పెట్టె బయట స్టేషన్‌లో ఉంటుంది. బీరువా సైజులో కనిపించేది అదే. అది కారు లోపలి పెట్టెని పక్కన పెట్టి నేరుగా బ్యాటరీలోకి డీసీ పంపిస్తుంది. నేరుగా అన్నాను కదా, చిక్కంతా అక్కడే ఉంది. బ్యాటరీకి ఎన్ని వోల్టులు కావాలో స్టేషన్ సరిగ్గా అన్నే ఇవ్వాలి. ఒక ఇరవై వోల్టులు ఎక్కువైనా ఏం కాదులే అనుకునే యవ్వారం కాదు.

అందుకే గన్ పెట్టగానే కరెంట్ రాదు. ముందు పెళ్లిచూపులు జరుగుతాయి. కారు "నా వోల్టేజ్ ఇంత, నాకు ఇన్ని ఆంపియర్లు కావాలి" అంటుంది. స్టేషన్ "నేను ఇంత ఇవ్వగలను" అంటుంది. ఎక్కడైనా కరెంట్ లీక్ అవుతోందా అని చెక్ చేసుకుంటాయి. వోల్టేజ్ సమానం చేసుకుంటాయి. అన్నీ కుదిరాకే లోపల రిలే టక్‌మని పడుతుంది. ఆ టక్ సౌండ్ వినపడే వరకు వైర్లలో పవర్ పారదు.

ఈ మాటలు మాట్లాడుకునే భాషలు మన దేశంలో ప్రధానంగా మూడు వచ్చాయి. సీసీఎస్-2 యూరప్ నుంచి వచ్చింది. చాడెమో జపాన్‌ది. ఆ పేరులో వాళ్ల భాషలో "ఈలోపు టీ తాగుతారా" అనే చమత్కారం కూడా ఉందంట, చార్జింగ్ అయ్యేలోపు ఒక టీ అన్నమాట. మనవాళ్లకి బాగా సరిపోయే పేరు గానీ ఇక్కడ పెద్దగా నిలబడలేదు. మూడోది భారత్ డీసీ-001. పేరు మనదే, గన్ మాత్రం చైనా వాళ్ల జీబీ/టీ షేపు. 2017 ప్రాంతంలో వచ్చింది. 48 వోల్టులు, 72 వోల్టుల చిన్న బ్యాటరీల కోసం, 15 కిలోవాట్ల వరకు.

అప్పట్లో మన దగ్గర ఉన్న ఎలక్ట్రిక్ కార్లు అలాంటివే. 2017లో కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ ప్రభుత్వ ఆఫీసుల కోసం 10,000 ఎలక్ట్రిక్ కార్లకి టెండర్ పిలిచింది. ఆ రోజుల్లో వచ్చిన మహీంద్రా ఈ-వెరిటో, మొదటి తరం టాటా టిగోర్ ఈవీ 72 వోల్టుల బ్యాటరీతో నడిచేవి. ఆ కాలానికి అది తప్పు నిర్ణయం కూడా కాదు.

తర్వాత 2018 డిసెంబర్‌లో కేంద్ర విద్యుత్ శాఖ పబ్లిక్ చార్జింగ్ స్టేషన్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి స్టేషన్‌లో అన్ని రకాలూ ఉండాలన్నారు. సీసీఎస్, చాడెమో, టైప్-2 ఏసీ, భారత్ డీసీ-001, భారత్ ఏసీ-001, అన్నీ. వినడానికి బాగుంది. కానీ స్టేషన్ పెట్టేవాడి వైపు నుంచి చూడండి. టిఫిన్ సెంటర్ పెట్టుకుంటానంటే, నువ్వు బిర్యానీ, పిజ్జా, చైనీస్ కూడా వండితేనే లైసెన్స్ అన్నట్టుంది. ఖర్చు ఎక్కువ, బేరం తక్కువ. దాంతో 2019 అక్టోబర్‌లో రూల్ మార్చారు. ఏ గన్ పెట్టుకోవాలో స్టేషన్ వాళ్ల ఇష్టం.

సరిగ్గా అదే టైమ్‌లో కార్లూ మారాయి. 2020 జనవరిలో నెక్సాన్ ఈవీ వచ్చింది, ఎంజీ జెడ్ఎస్ ఈవీ వచ్చింది. రెండూ 300 వోల్టుల పైమాటే, రెండూ సీసీఎస్-2. జనం కొన్న కార్లు అవి, కాబట్టి స్టేషన్లు పెట్టిన గన్‌లూ అవే. ఎవరూ కుట్ర చేయలేదు. బేరం ఎటుంటే సరుకు అటు పోయింది. అంతే. మధ్యలో పాత 72 వోల్టుల కార్లు దారిలో నిలబడిపోయాయి. ఆఫీసు డ్యూటీలు అయిపోయి ఆ కార్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కనిపిస్తుంటే, ఆ చవకకి ఒక కారణం ఇది. మా అన్నయ్య కొన్నది కూడా ఆ తరం కారే.

మరి కన్వర్టర్? ఇప్పుడు మీకే అర్థమైపోయుంటుంది. సీసీఎస్-2 స్టేషన్ వోల్టేజ్ సాధారణంగా 150, 200 వోల్టుల దగ్గర మొదలై పైకి పోతుంది. 72కి దిగడం దానికి చేతకాదు. భాష కూడా వేరు, సీసీఎస్ మాట్లాడే పద్ధతి ఒకటి, జీబీ/టీ మాట్లాడే పద్ధతి ఇంకొకటి. షేపు మార్చే ప్లాస్టిక్ ముక్క ఎవరైనా తయారు చేస్తారేమో గానీ, వోల్టేజ్ దించి, భాష అనువాదం చేసే పెట్టె అంటే అది ఇంకో చార్జర్ అవుతుంది. డిక్కీలో పెట్టుకుని తిరిగేది కాదు.

సరే, కొత్త కారు, సీసీఎస్-2 ఉంది, అప్పుడు అన్నీ సాఫీయేనా? చాలావరకు సాఫీయే. కానీ రెండు మూడు మాటలు చెప్పాలి.

సీసీఎస్-2 సాకెట్ రెండంతస్తుల ఇల్లు లాంటిది. పైన గుండ్రంగా ఏడు పిన్నులు, అది టైప్-2, ఏసీ కోసం. కింద రెండు లావు పిన్నులు, అవి డీసీ కోసం. కాబట్టి సీసీఎస్-2 ఉన్న కారుకి టైప్-2 ఏసీ గన్ పై అంతస్తులో పెట్టుకోవచ్చు. పై అంతస్తు మాత్రమే ఉన్న బండికి డీసీ గన్ పెట్టలేం. మ్యాప్‌లో "టైప్-2" అని రాసుంటే అది స్లో అని అర్థం. హైవే మీద టైప్-2 చూసి ఆగితే టీ కాదు, భోజనం చేసి నిద్ర కూడా పోవచ్చు.

రెండోది, 60 కిలోవాట్ల స్టేషన్ అని బోర్డు ఉంటుంది, రెండు గన్‌లు ఉంటాయి. చాలా చోట్ల రెండు కార్లు పెడితే తలా 30. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మన వైపు వచ్చేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. 65వ నంబర్ హైవే మీద పంతంగి టోల్ దగ్గర క్యూ ఎలా ఉంటుందో అందరం చూశాం. టోల్ దగ్గర బండికి నిమిషం పడుతుంది, చార్జర్ దగ్గర బండికి ముప్పావుగంట. బెజవాడ నుంచి హైదరాబాద్ సుమారు 275 కిలోమీటర్లు. పండక్కి బయల్దేరితే చిన్న బ్యాటరీ కారువాళ్లు ఒకటి కాదు, రెండు స్టాపులు అనుకుని, రెండోది ముందే చూసి పెట్టుకోవాలి.

మూడోది నాకు పర్సనల్‌గా నవ్వొచ్చేది. గన్ షేపు ఒకటే, స్టాండర్డ్ ఒకటే, అయినా "హ్యాండ్‌షేక్ ఫెయిల్" అని వస్తుంది. ఏపీఐలు రాసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. డాక్యుమెంట్ ఒకటే ఉంటుంది, రెండు టీములు చదువుకుంటాయి, ఇద్దరికీ రెండు అర్థాలు. ఇలా అయినప్పుడు కంగారు పడకండి. సెషన్ ఆపి, గన్ తీసి, కారు లాక్ చేసి మళ్లీ అన్‌లాక్ చేసి, గన్ గట్టిగా పెట్టండి. కేబుల్ బరువుకి గన్ కిందకి వంగి పిన్ను సరిగ్గా ఆనదు, మొదటి కొన్ని సెకన్లు చేత్తో పైకి ఎత్తి పట్టుకోండి. టక్ సౌండ్ వస్తే వదిలేయొచ్చు. రాకపోతే పక్క గన్.

ఇక స్కూటర్లు. మీలో ఎక్కువమంది అడిగేది వీటి గురించే.

పోయిన చలికాలంలో నేను స్కూటర్ మీద మంగినపూడి బీచ్‌కి వెళ్లాను. బెజవాడ నుంచి బందరు ఒక 70 కిలోమీటర్లు, బీచ్ ఇంకో పది. నా స్కూటర్ నిజంగా ఇచ్చే రేంజ్ వంద. బందరులో మ్యాప్ మీద ఆకుపచ్చ చుక్క కనిపించింది, అక్కడ ఎక్కించుకుని వచ్చేద్దాంలే అనుకున్నా. వెళ్తే రెండు పెద్ద గన్‌లు, రెండూ సీసీఎస్-2. నా స్కూటర్ బ్యాటరీ 50 వోల్టుల చిల్లర. ఏనుగు తాగే తొట్టి దగ్గరికి పిచ్చుక వెళ్లినట్టుంది. ఈవీల మీద వీడియోలు చేసేవాడిని, నేనే ఫిల్టర్ పెట్టుకోకుండా వెళ్లా. తిట్టుకోండి, పర్లేదు.

చివరికి ఒక టిఫిన్ హోటల్ ఆయన దయతలిచి, మిక్సీ ప్లగ్ పీకి నా పోర్టబుల్ చార్జర్ పెట్టుకోనిచ్చారు. ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. స్కూటర్ పోర్టబుల్ చార్జర్లు చాలావరకు 650 నుంచి 950 వాట్ల మధ్య ఉంటాయి. 750 వాట్లు అంటే 230 వోల్టుల దగ్గర మూడు ఆంపియర్ల చిల్లర. మామూలు చిన్న సాకెట్ కూడా తట్టుకుంటుంది. కానీ టైమ్? 3 యూనిట్ల బ్యాటరీకి 750 వాట్లు అంటే నాలుగు గంటలు, నష్టాలు కలుపుకుంటే ఇంకా ఎక్కువ. నేను రెండున్నర గంటలు కూర్చున్నా. రెండు పెసరట్లు, మూడు టీలు. ఆయన కరెంట్ డబ్బులు తీసుకోలేదు, టిఫిన్ డబ్బులు మాత్రం తీసుకున్నారు.

స్కూటర్ల ఫాస్ట్ చార్జింగ్‌లో మన దేశం కొంచెం ఆలస్యంగా ఒక పని చేసింది. ఏథర్ కంపెనీ తన కనెక్టర్ డిజైన్‌ని 2021లో మిగతా కంపెనీలు కూడా వాడుకోవచ్చని తెరిచిపెట్టింది. హీరో విడా దాన్ని తీసుకుంది. దాని పేరు ఎల్ఈసీసీఎస్. 2023లో మన బీఐఎస్ దాన్ని ఐఎస్ 17017 సిరీస్‌లో ఇండియన్ స్టాండర్డ్‌గా ఆమోదించింది. ఏసీ, డీసీ రెండూ ఒకే చిన్న గన్‌లో వస్తాయి. కాబట్టి ఈ రెండు బ్రాండ్ల స్కూటర్లకి ఒకే రకం గన్ సరిపోతుంది. ఓలా తన సొంత గన్ పెట్టుకుంది. ఇంకా చాలా స్కూటర్లకి ఫాస్ట్ చార్జింగే లేదు, ఇంట్లో ప్లగ్గే దిక్కు. స్టాండర్డ్ ఉంది, కానీ అందరూ అదే పెట్టాలన్న బలవంతం లేదు. నా అభిప్రాయం అడిగితే, ఇది బలవంతం చేయాల్సిన విషయమే. ఫోన్‌కి టైప్-సి పెట్టించడానికి యూరప్ వాళ్లకి చట్టం కావాల్సి వచ్చింది, మంచి మాటలతో కాలేదు.

డబ్బు లేక కాదు ఇది. 2024 అక్టోబర్‌లో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ స్టేషన్లకే 2,000 కోట్లు పెట్టారు. అందులో కార్లకి 22,100 ఫాస్ట్ చార్జర్లు లక్ష్యమైతే, టూవీలర్లు, ఆటోలకి 48,400. మన డెల్టాలో తిరిగేది ఎక్కువ టూవీలర్లూ ఆటోలే కాబట్టి ఈ రెండో అంకె మనకి ముఖ్యం. ఆ చార్జర్లకి ఏ గన్ ఉంటుందో అది ఇంకా ముఖ్యం.

ఆన్‌లైన్‌లో ఇంకో వస్తువు కనిపిస్తుంది మీకు, టైప్-2 నుంచి మూడు పిన్నుల సాకెట్‌కి అడాప్టర్. దీన్ని పబ్లిక్ ఏసీ పాయింట్‌కి పెట్టి, మన స్కూటర్ చార్జర్ దానికి పెట్టుకోవచ్చు. పని చేస్తుంది, నిజమే. లోపల ఒక రెసిస్టర్ ఉంటుంది, "బండి కనెక్ట్ అయింది, రెడీ" అని పాయింట్‌కి చెప్తుంది. ఒక రకంగా అబద్ధం చెప్తుంది. సమస్య ఏంటంటే ఆ పాయింట్ 32 ఆంపియర్ల వరకు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటుంది, బ్రేకర్ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మన సాకెట్ 16 ఆంపియర్లది. ఎక్కడైనా తేడా వస్తే బ్రేకర్ పడేలోపు మన వైర్ కరిగిపోతుంది. కొంటే లోపల ఫ్యూజ్ గానీ ఎంసీబీ గానీ ఉన్నది కొనండి. లేనిది ఫ్రీగా ఇచ్చినా వద్దు.

యాప్‌ల గోల ఒక్క నిమిషంలో చెప్పేస్తా. గన్ కుదిరినా, స్టేషన్ ఏ కంపెనీదో ఆ కంపెనీ యాప్ ఉండాలి, అందులో వాలెట్‌లో డబ్బులుండాలి, ఫోన్‌లో చార్జింగ్ ఉండాలి, సిగ్నల్ ఉండాలి. నా ఫోన్‌లో ఏడు యాప్‌లు, ఏడింటిలో తలా యాభై, డెబ్భై రూపాయలు ఇరుక్కుపోయాయి. యూపీఐ చేసుకున్న దేశం మనది, ఇదీ చేసుకోవచ్చు. స్టేషన్లు వెతకడానికి ప్రభుత్వమే 2022 డిసెంబర్‌లో ఈవీ యాత్ర అని ఒకటి తెచ్చింది. అన్ని నెట్‌వర్క్‌లకీ కలిపి బీహెచ్ఈఎల్ ద్వారా ఒక ఉమ్మడి యాప్ తేవాలన్న ఆలోచన 2025లో బయటికొచ్చింది. అప్పటిదాకా ఇంట్లో వైఫై ఉన్నప్పుడే యాప్ వేసుకుని, ఓటీపీ తంతు పూర్తి చేసుకుని, వాలెట్‌లో కొంచెం వేసుకుని బయల్దేరండి.

ఇప్పుడు కొంచెం సీరియస్ విషయం. ఇప్పటివరకు చెప్పినవన్నీ కుదరకపోతే ఆలస్యం అవుతుంది, చికాకు వస్తుంది, అంతే. ఇది కుదరకపోతే అంతకంటే పెద్దదే అవుతుంది.

చిన్న షాపుల్లో అమ్మే తక్కువ స్పీడ్ బండ్లు, పాత బండ్లకి మార్చి వేసిన లోకల్ బ్యాటరీలు మీలో చాలామంది ఇళ్లలో ఉంటాయి. చార్జర్ పాడైతే "72 వోల్టులది ఒకటి ఇవ్వు అన్నా" అని కొనుక్కొస్తారు. పిన్ను కూడా అదే. పెడితే లైట్ వెలుగుతుంది. కానీ "72 వోల్టులు" అన్నది ఇంటిపేరు లాంటిది, ఒక్కటే ఉన్నంత మాత్రాన ఒకే కుటుంబం కాదు. ఎన్ఎంసీ రకం లిథియం అయితే 20 సెల్స్ వరసగా ఉంటాయి, ఫుల్ అయితే 84 వోల్టులు. ఎల్ఎఫ్‌పీ రకం అయితే 24 సెల్స్ ఉంటాయి, ఫుల్ 87.6 వోల్టులు. లెడ్ యాసిడ్‌ది ఇంకో లెక్క. ఎల్ఎఫ్‌పీ చార్జర్‌ని ఎన్ఎంసీ బ్యాటరీకి పెడితే ఒక్కో సెల్ మీద 4.38 వోల్టులు పడుతుంది. ఆ సెల్ హద్దు 4.2. బ్యాటరీ లోపల బీఎంఎస్ బాగుంటే ఆపేస్తుంది. బాగుంటే.

2022 ఏప్రిల్‌లో, మా అన్నయ్య రోజూ పేషెంట్లని దింపే ఆ సూర్యారావుపేటలోనే, రాత్రి పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక ఇంటాయన చనిపోయాడు. భార్యకి కూడా గాయాలయ్యాయి. బండి కొని ఒక్క రోజు కూడా సరిగ్గా కాలేదు. అది చార్జర్ మార్చడం వల్ల జరిగిందని నేను అనట్లేదు, కొత్త బండి అది. కానీ ఆ ఏడాది వరసగా జరిగిన ప్రమాదాల తర్వాతే ఏఐఎస్-156 అనే బ్యాటరీ సేఫ్టీ రూల్స్ కఠినం చేశారు. మొదటి దశ 2022 డిసెంబర్ 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి. దానికి ముందు తయారైన బ్యాటరీలు ఇంకా తిరుగుతున్నాయి. బ్యాటరీ మీద స్టిక్కర్ చదవండి. సెల్ రకం, ఫుల్ చార్జ్ వోల్టేజ్, చార్జర్ మీద రాసిన అవుట్‌పుట్ వోల్టేజ్, ఈ మూడూ కలవాలి. స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే బండి అమ్మిన షాపుకే వెళ్లండి, ఖర్చైనా సరే. తీసి పెట్టుకునే బ్యాటరీ అయితే పడకగదిలో, గుమ్మానికి అడ్డంగా పెట్టి చార్జింగ్ చేయొద్దు.

మళ్లీ అన్నయ్య దగ్గరికి వద్దాం. ఫాస్ట్ చార్జింగ్ లేదు, కానీ మామూలు 15 ఆంపియర్ల ప్లగ్‌కి పెడితే కారుకి చక్కగా ఎక్కుతుంది. గుడివాడ నుంచి బెజవాడ 45 కిలోమీటర్లకి అటూ ఇటూ. పాత బ్యాటరీ రానూపోనూ లాగదు. పటమటలో మా మేనత్త ఇల్లుంది, అక్కడ ప్లగ్ పెడదామన్నాను. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే ఈవీ చార్జ్ చేసుకోవచ్చు, విడిగా పర్మిషన్ అక్కర్లేదు. పెట్టాం. చార్జర్‌లో ఎర్ర లైట్.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. సాకెట్‌కి మూడో కన్నం ఉంది, దాని వెనక వైరూ ఉంది, ఆ వైరు ఎక్కడికీ పోలేదు. ఇంటికి ఎర్త్ పిట్టే లేదు. ఇన్నేళ్లూ ఫ్రిజ్, గీజర్ అలాగే నడిచాయి, వాటికి అడిగే తెలివి లేదు కాబట్టి. చార్జర్ అడుగుతుంది. మన వైపు పాత ఇళ్లలో ఇది మామూలే. అతను "ఎర్త్‌ని న్యూట్రల్‌కి జంపర్ కొట్టేస్తా, పచ్చ లైట్ వచ్చేస్తుంది అండి" అన్నాడు. వస్తుంది కూడా. కానీ ఎప్పుడైనా వీధిలో న్యూట్రల్ వైరు తెగిందనుకోండి, ఆ కరెంట్ మొత్తం కారు బాడీ మీదకి వస్తుంది. వానలో తడి చేత్తో డోర్ పట్టుకునేది మా అన్నయ్య, లేకపోతే పేషెంట్. వద్దన్నాను. గొయ్యి తీయించి, సరైన ఎర్త్ వేయించి, విడిగా ఎంసీబీ, లీకేజ్ వస్తే పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టించాం. మేనత్తకి చిన్న సబ్ మీటర్ బిగించాం, నెలాఖరుకి రీడింగ్ చూసి అన్నయ్య డబ్బులిస్తాడు. ఆవిడ మొదటి నెల తీసుకోనంది, రెండో నెల తీసుకుంది.

ఇప్పుడు పద్ధతి ఇది. పేషెంట్‌ని సూర్యారావుపేటలో దింపుతాడు. ఓపీ, టెస్టులు, రిపోర్టులు, ఎలా చూసినా మూడు గంటలు. ఆ మూడు గంటలు కారు పటమటలో ప్లగ్‌కి ఉంటుంది. 40 కిలోమీటర్లు పైచిలుకు ఎక్కుతుంది, వచ్చేటప్పుడు మిగిలినది దానికి కలిపితే ఇంటికి చేరతాడు. కుదిరింది, కానీ రోజుకి ఒక్క ట్రిప్పే. ఫాస్ట్ చార్జింగ్ ఉంటే రెండు అయ్యేవి. ఆ రెండో ట్రిప్పు మీదే అతను ఈఎంఐ లెక్క వేసుకున్నది. ఇప్పుడు సాయంత్రాలు గుడివాడలోనే లోకల్ కిరాయిలు వెతుక్కుంటున్నాడు.

ఈ వీడియో చేస్తున్నా అని చెప్తే "కొనేముందు ఏం అడగాలో కూడా చెప్పరా" అన్నాడు. చెప్తున్నా అన్నయ్యా. సెకండ్ హ్యాండ్ ఈవీ చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు చార్జింగ్ మూత తెరిపించండి, సాకెట్‌కి ఫోటో తీయండి. బ్యాటరీ వోల్టేజ్ ఎంతో ఆర్‌సీలో కాదు, బండి స్టిక్కర్ మీద చూడండి. టెస్ట్ డ్రైవ్ అంటే రోడ్డు మీద రౌండ్ కొట్టడం కాదు, మీరు రోజూ వెళ్లే దారిలో ఉన్న పబ్లిక్ స్టేషన్‌కి తీసుకెళ్లి, గన్ పెట్టించి, టక్ సౌండ్ విని, స్క్రీన్ మీద ఎన్ని కిలోవాట్లు ఎక్కుతున్నాయో చూసి అప్పుడు బేరం ఆడండి. అమ్మేవాళ్లు "ఎందుకండీ టైమ్ వేస్ట్" అంటే, ఆ మాటలోనే జవాబు ఉంది.

మీ ఊరి స్టేషన్‌లో ఏ గన్ ఉందో ఫోటో తీసి కామెంట్‌లో పెట్టండి, ముఖ్యంగా అవనిగడ్డ, రేపల్లె, కైకలూరు వైపు వాళ్లు. అవన్నీ కలిపి ఒక లిస్ట్ చేస్తా. పాత 72 వోల్టుల గన్ ఇంకా పని చేసే స్టేషన్ డెల్టాలో ఎక్కడైనా మీ కంటపడితే అది మాత్రం వెంటనే చెప్పండి, అన్నయ్యకి ఫార్వర్డ్ చేస్తా. ఉంటాను మరి.